టీవీ పాఠమా, ఫోన్ పాఠమా: ఎవరికి ఏది అందింది?

కరోనాతో బడులు మూతపడి ఉన్నప్పుడు, 2020 సెప్టెంబర్ 1న తెలంగాణ ప్రభుత్వ బడుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. అప్పటికే చాలా ప్రైవేటు బడులు ఫోన్‌లో లైవ్ క్లాసులు నడుపుతున్నాయి. రెండింటినీ ఆన్‌లైన్ చదువే అన్నారు గానీ, తేడా చాలా ఉంది.

లైవ్ క్లాసులో పెద్ద సుఖం ఏంటంటే, అడగొచ్చు. లెక్క అర్థం కాకపోతే "సార్, మళ్లీ చెప్పండి" అనొచ్చు. కానీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పొద్దున్నే నాన్నతో పాటు పనికి వెళ్లిపోతే? మా పక్కింట్లో అక్కాతమ్ముళ్లకు ఒకే టైమ్‌కి క్లాసులుండేవి. అక్క ఫోన్ తమ్ముడికిచ్చేసి, తర్వాత వాట్సాప్‌లో వచ్చిన బోర్డు ఫొటో చూసి నోట్సు రాసుకునేది. పగిలిన స్క్రీన్ మీద అది మూడో ఎనిమిదో తెలిసేది కాదు. ఆ పిల్ల కళ్లు చికిలించుకుని చూడటం గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

టీవీకి డేటా టెన్షన్ లేదు, ముగ్గురు నలుగురు కలిసి కూర్చోవచ్చు. అయితే పాఠం ఎవరి కోసమూ ఆగదు. కరెంటు పోతే ఆ పాఠం పోయినట్టే. టీ-శాట్ యాప్‌లో మళ్లీ చూడొచ్చు, కానీ దానికీ ఫోనే కావాలి.

విడిగా ఫోన్, వైఫై, పక్కన కూర్చుని చెప్పే పెద్దవాళ్లు ఉన్న పిల్లలకు లైవ్ క్లాసే మేలు. అవేవీ లేని ఇంటికి నేనైతే టీవీ పాఠమే ఎంచుకుంటాను. కాకపోతే వారానికి రెండుసార్లైనా టీచరు వాడకు వచ్చి, అరుగు మీద కూర్చుని పిల్లల డౌట్లు తీర్చాలి.