పాత వీడియో గేమ్‌లు ఇప్పటికీ ఆడదగ్గవేనా? ముందు టీవీ సెట్టింగ్ చూసుకోండి, తర్వాత తీర్పు చెప్పండి

చిన్నప్పుడు ప్రాణంగా ఆడిన గేమ్‌ను ఏళ్ల తర్వాత మళ్లీ పెట్టుకున్నవాళ్లు పది నిమిషాలు తిరక్కుండానే అనే మాట ఒకటుంది: "అప్పుడు ఇలా ఉండేది కాదే, మారియో చెప్పిన మాట వినట్లేదు." నిజమే, వినట్లేదు. కానీ చాలాసార్లు తప్పు గేమ్‌ది కాదు. గేమ్‌కీ మీకూ మధ్య ఉన్న టీవీది, కన్వర్టర్‌ది, ఎమ్యులేటర్ (పాత కన్సోల్‌ను కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్) సెట్టింగ్‌ది. వాటిని సరిచేయకుండా పాత గేమ్‌లకు మార్కులు వేయడం అన్యాయం. అందుకే ఈ రివ్యూలో ముందు ఆ సంగతే.

పాత సీఆర్టీ టీవీ (వెనక లావుగా ఉండే డబ్బా టీవీ) సిగ్నల్ వచ్చింది వచ్చినట్టే గీత వెంట గీతగా తెర మీద గీసేసేది. ఇప్పటి టీవీ ఒక్కో ఫ్రేమ్‌ను పట్టుకుని, పెద్దది చేసి, నునుపు చేసి, ఆ తర్వాతే చూపిస్తుంది. ఈ పనులను తగ్గించే గేమ్ మోడ్ అనే సెట్టింగ్ ఆన్ చేయకపోతే కొన్ని టీవీల్లో ఈ ఆలస్యం 100 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. సెకనుకు 60 ఫ్రేమ్‌ల గేమ్‌లో అది 6 ఫ్రేమ్‌లు. సూపర్ మారియో బ్రదర్స్‌లో మారియో పూర్తి వేగంతో పరిగెత్తేటప్పుడు ఫ్రేముకు సుమారు రెండున్నర పిక్సెళ్లు కదులుతాడు. ఆరు ఫ్రేములకు 15 పిక్సెళ్లు. ఆ గేమ్‌లో ఒక ఇటుక వెడల్పు 16 పిక్సెళ్లు. అంటే మీరు గుంత అంచున బటన్ నొక్కితే, మారియో దూకడం తెర మీద కనిపించేది దాదాపు ఇటుకంత దూరం దాటాక. గుంతలో పడక ఏం చేస్తాడు?

కాబట్టి మొదట గేమ్ మోడ్ ఆన్ చేయండి, మోషన్ స్మూతింగ్ ఆపేయండి, వీలైతే వైరున్న కంట్రోలర్ వాడండి. రెట్రోఆర్చ్ అనే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్‌లో ఆడుతుంటే రన్‌అహెడ్ అని ఒక సదుపాయం ఉంది. ఎమ్యులేటర్ తర్వాతి ఫ్రేమ్‌లను ముందే లోపల లెక్కగట్టి, గేమ్‌లోనే సహజంగా ఉన్న ఆలస్యాన్ని కోసేస్తుంది. ఎన్ని ఫ్రేములు పెట్టాలో ఊహించనక్కర్లేదు, కొలవొచ్చు. కీబోర్డు మీద పీ నొక్కి గేమ్‌ను ఆపండి. దూకే బటన్‌ను నొక్కిపట్టి, కే కీతో ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరపండి. బొమ్మ ఎన్నో నొక్కుడుకు కదిలిందో చూసి, అందులోంచి ఒకటి తీసేయండి. మూడో నొక్కుడుకు కదిలితే రన్‌అహెడ్ 2. అంతకు మించి పెడితే యానిమేషన్‌లో మొదటి ఫ్రేములు ఎగిరిపోయి బొమ్మ గెంతినట్టు కనిపిస్తుంది.

ఇక సైజు. మారియో నడిచే నింటెండో పాత కన్సోల్ ఎన్‌ఈఎస్ బొమ్మ ఎత్తు 240 గీతలు. 1080 గీతల తెర మీద దాన్ని నాలుగు రెట్లు చేస్తే 960. పైనా కిందా మిగిలే నల్లటి అంచును అలాగే వదిలేయండి. తెర నిండాలని సాగదీస్తే నాలుగున్నర రెట్లవుతుంది. కొన్ని గీతలు లావుగా, కొన్ని సన్నగా పడి, స్క్రీన్ పక్కకు జరిగేటప్పుడు ఇటుకలన్నీ అలల్లా కదులుతాయి. 4కే తెర ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు, 240కి సరిగ్గా తొమ్మిది రెట్లు 2160. వెడల్పు మాత్రం 4:3లోనే ఉంచండి. 16:9కి సాగదీసిన మారియో పొట్టిగా, లావుగా ఉంటాడు. పైగా అడ్డంగా దూకే దూరం మీద కంటి అంచనా కూడా తప్పుతుంది.

అసలు కన్సోల్‌ను ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులతో కొత్త టీవీకి పెట్టేవాళ్లు ఇంకో ఇబ్బంది చూస్తారు. దెబ్బ తిన్న శత్రువు మినుకుమినుకుమనకుండా సగం మాయమవడం, కదిలే బొమ్మల అంచులు దువ్వెన పళ్లలా చీలడం. పాత కన్సోల్ పంపేది 240 గీతల పూర్తి ఫ్రేమ్. చాలా టీవీలు, చవక ఏవీ-హెచ్‌డీఎమ్‌ఐ కన్వర్టర్లు దాన్ని 480 గీతల సగం ఫ్రేమ్ అనుకుని రెండేసి ఫ్రేములను కలిపేస్తాయి. ఓఎస్‌ఎస్‌సీ, రెట్రోటింక్ లాంటి లైన్ డబ్లర్లు (ఆ గీతలను ఉన్నవి ఉన్నట్టే రెట్టింపు చేసి టీవీకి పంపే పెట్టెలు) ఉన్నవి ఇందుకే. అది కొనే ఉద్దేశం లేకపోతే మంచి ఎమ్యులేటరే మేలు.

ఇప్పుడు గేమ్‌ల సంగతి.

1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ నిలబడింది. మొహమాటానికి చెప్పే మాట కాదిది. 40 కిలోబైట్ల కార్ట్రిడ్జ్‌లో 32 లెవెళ్లు ఇరికించడానికి మేఘానికీ పొదకూ ఒకే బొమ్మ వాడి రంగు మార్చారు. బొమ్మల్లో అంత పొదుపు చేసినవాళ్లు కదలికలో మాత్రం ఎక్కడా పొదుపు చేయలేదు. దూకే బటన్‌ను ఎంతసేపు పట్టుకుంటే అంత ఎత్తు. నిలబడి దూకినదానికంటే పరుగులో దూకితే ఇంకా ఎత్తు. గాలిలో ఉండగా వెనక్కి లాగొచ్చు, కానీ వేగం ఒక్కసారిగా చావదు. ఈ బరువు చేతికి అలవాటైతే ఇప్పటి ప్లాట్‌ఫారమ్ గేమ్‌లు చాలావాటికంటే ఇదే నచ్చుతుంది. విసుగు పుట్టించేవి రెండు. దాటొచ్చిన చోటికి స్క్రీన్ వెనక్కి జరగదు; 4-4, 7-4 కోటల్లో దారి తప్పితే అదే వరండా మళ్లీ మళ్లీ తిరుగుతుంది, ఎందుకో గేమ్ చెప్పదు. సేవ్ లేదు కానీ ఒక చిట్కా ఉంది: గేమ్ ఓవర్ అయ్యాక టైటిల్ స్క్రీన్ మీద ఏ (A) బటన్ నొక్కిపట్టి స్టార్ట్ కొడితే, ఓడిన వరల్డ్ మొదటి లెవెల్ నుంచి మొదలవుతుంది. ఇది తెలియక ప్రతిసారీ 1-1 నుంచి ఆడి వదిలేసినవాళ్లు ఎందరో.

1980 నాటి ప్యాక్‌మ్యాన్ పైకి అదృష్టం మీద నడిచే ఆటలా కనిపిస్తుంది. అసలు సంగతి పూర్తిగా వేరు. నాలుగు దెయ్యాలకూ నాలుగు బుద్ధులు. ఎర్రది, బ్లింకీ, నేరుగా మీ గడి మీదకే వస్తుంది. గులాబీది, పింకీ, మీ మూతికి నాలుగు గడుల ముందు కాపు కాస్తుంది. నీలిది, ఇంకీ, బ్లింకీ ఎక్కడుందో కూడా లెక్కలోకి తీసుకుంటుంది, అందుకే దాని దారి అంతుపట్టదు. నారింజది, క్లైడ్, ఎనిమిది గడుల కంటే దూరంలో ఉంటే వెంటపడుతుంది, దగ్గరికొస్తే తన మూలకు పారిపోతుంది. మొదటి లెవెల్లో ఏడు సెకన్లు దెయ్యాలు తమ మూలలకు పోతాయి, తర్వాత 20 సెకన్లు వేట, మళ్లీ ఏడు, మళ్లీ 20. దెయ్యాలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగితే దశ మారిందని అర్థం. ఇది గమనించడం మొదలుపెట్టిన రోజు నుంచి ఇది పరుగు ఆట కాదు, చదరంగానికి దగ్గరి ఆట. ఆడేటప్పుడు సందు రాకముందే తిరగాల్సిన వైపు నొక్కి ఉంచండి. ప్యాక్‌మ్యాన్ మూలను కోసుకుంటూ తిరుగుతాడు, దెయ్యాలు అలా తిరగలేవు. ప్రతి మూల దగ్గరా కాస్త దూరం కలిసొస్తుంది. చుక్కలు తింటున్నప్పుడు వేగం తగ్గుతుంది కాబట్టి ప్రాణం మీదకొస్తే ఖాళీ దారిలో పారిపోండి. అనలాగ్ స్టిక్ వద్దు, ప్లస్ గుర్తులా ఉండే డీ-ప్యాడే వాడండి. ఇది నాలుగు దిక్కుల ఆట, స్టిక్ ఏటవాలుగా జారితే మలుపు పోతుంది. ఆడాల్సింది ఆర్కేడ్ (నాణెం వేసి ఆడే యంత్రం) వెర్షన్. 1982లో అటారీ 2600కి వచ్చినదాంట్లో దెయ్యాలను ఒక్కో ఫ్రేమ్‌లో ఒక్కోదాన్ని గీయడంతో అవి వెలుగుతూ ఆరుతూ కనిపిస్తాయి. చిన్నప్పుడు అదే ఆడినవాళ్లు కూడా ఇప్పుడు దాని జోలికి పోవద్దు.

ఎన్‌ఈఎస్ టెట్రిస్ గురించి మా మాట కాస్త కటువుగా ఉంటుంది: ఇప్పటి టెట్రిస్‌కు అలవాటుపడ్డ చేతికి ఇది చిరాకే. ముక్కను ఒక్క నొక్కుడుకు కిందికి దించలేరు, పక్కన దాచుకోలేరు, ఎక్కడ పడుతుందో నీడ కనిపించదు. కొత్త వెర్షన్లలో ఏడు ముక్కలూ ఒక సంచిలోంచి వచ్చినట్టు వరసగా వస్తాయి కాబట్టి పొడుగు ముక్క కోసం మధ్యలో 12 ముక్కలకు మించి ఎదురుచూడక్కర్లేదు. ఇక్కడ ఆ హామీ లేదు. బటన్ నొక్కిపట్టినా మొదటి జరుగుడు తర్వాత 16 ఫ్రేములు ఆగి, ఆపైన ఆరేసి ఫ్రేములకు ఒక గడి జరుగుతుంది. 29వ లెవెల్లో ముక్క ఫ్రేముకో గడి కిందికి పడుతుంది, 20 గడుల బావి సెకనులో మూడో వంతుకు అయిపోతుంది. అందుకే ఏళ్ల తరబడి అదే ఆఖరు అనుకున్నారు. వేళ్లతో కంట్రోలర్ వెనక దరువేసే రోలింగ్ పద్ధతి వచ్చాక ఆ గోడ కూలింది. 2023 డిసెంబరులో ఒక 13 ఏళ్ల కుర్రాడు 157వ లెవెల్లో గేమ్‌నే స్తంభింపజేశాడు. పోటీ ఆటగా చూస్తే దీనికి తిరుగులేదు. సాయంత్రం కాసేపు సరదాగా ఆడటానికైతే కొత్త టెట్రిస్సే పెట్టుకోండి.

తుపాకీలతో కాల్చుకుంటూ పోయే కాంట్రా ఇద్దరు కలిసి ఆడాల్సిందే. తెర నిండా తూటాలు పడ్డప్పుడు బొమ్మలు మినుకుమినుకుమనడానికి కారణం, ఎన్‌ఈఎస్ ఒక గీత మీద ఎనిమిది స్ప్రైట్లకు (కదిలే చిన్న బొమ్మ ముక్కలకు) మించి గీయలేకపోవడం. ఎమ్యులేటర్లో ఆ పరిమితిని ఎత్తేయొచ్చు. కాంట్రాకు ఎత్తేయండి, తూటా కనిపించక చావడం అనేది పోతుంది. కానీ అన్ని గేమ్‌లకూ వద్దు. లెజెండ్ ఆఫ్ జెల్డాలో హీరో లింక్ తలుపు కింద దూరేటప్పుడు అతన్ని దాచేది ఆ పరిమితే. కాంట్రాలో ఎనిమిదే స్టేజీలు. ఎమ్యులేటర్లో ఎక్కడికక్కడ సేవ్ చేసే సేవ్ స్టేట్ కొట్టుకుంటూ పోతే అరపూటలో అయిపోయి "ఇంతేనా" అనిపిస్తుంది. గేమ్ నిడివి అంతా దాని కష్టంలో ఉంది. స్టేజీ మొదట్లో మాత్రమే సేవ్ చేసుకోండి. లేదంటే టైటిల్ స్క్రీన్ మీద పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బీ, ఏ, స్టార్ట్ కొట్టండి. 30 లైఫ్‌లు వస్తాయి. ఇద్దరికైతే స్టార్ట్‌కు ముందు సెలెక్ట్ నొక్కాలి.

1991 నాటి సోనిక్‌లో జలపాతాలను చూడండి. పిక్సెళ్లు పదునుగా కనిపించే తెర మీద అవి నీటిలా ఉండవు, నిలువు చారల కటకటాల్లా ఉంటాయి. ఆ గేమ్ నడిచే సెగా కన్సోల్ మెగా డ్రైవ్‌కు సగం పారదర్శకంగా చూపే శక్తి లేదు కాబట్టి ఒక చార వదిలి ఒక చార గీశారు. కాంపోజిట్ (పసుపు పిన్ను) వైరులో రంగులు ఒకదాంట్లోకి ఒకటి కారి, వెనక ఉన్న కొండ నీటిలోంచి కనిపించేది. కాంపోజిట్‌ను అనుకరించే ఫిల్టర్ పెడితే ఆ నీళ్లు తిరిగొస్తాయి. సీఆర్టీ ఫిల్టర్లను అలంకారం అని కొట్టిపారేసేవాళ్లకు ఈ ఒక్క దృశ్యం చూపిస్తే చాలు. గేమ్ 60 హెర్ట్జ్‌లో (సెకనుకు 60 ఫ్రేములు) నడుస్తోందో లేదో కూడా చూసుకోండి. 50 హెర్ట్జ్‌లో నడిస్తే సోనిక్, పాట రెండూ ఆరో వంతు నెమ్మదిస్తాయి.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా, 1989. గంట సమయం, 12 లెవెళ్లు. హీరో కీ వదిలిన వెంటనే ఆగడు, అడుగు పూర్తిచేసే ఆగుతాడు. మారియో చేతితో ఆడితే ప్రతి అంచునా చస్తాడు. షిఫ్ట్ పట్టుకుని బాణం కీ నొక్కితే ఒక్కో జాగ్రత్త అడుగు వేస్తాడు. అంచు దగ్గర తనే ఆగి హెచ్చరిస్తాడు. ఆడటం మొత్తం ఈ ఒక్క కీ మీద ఆధారపడి ఉంది. డాస్ (పాత పీసీ) వెర్షన్లో మూడో లెవెల్ నుంచి కంట్రోల్-జీ తో సేవ్, కంట్రోల్-ఎల్ తో మళ్లీ ఆ లెవెల్ మొదటికి. కత్తియుద్ధం ఇప్పుడు పల్చగా అనిపించొచ్చు, కానీ దూకే లెక్క ఇంకా దిట్టంగానే ఉంది.

రాక్షసులను కాల్చే 1993 నాటి డూమ్ ఈ వరసలో అన్నిటికంటే తక్కువ వయసున్నట్టు కనిపిస్తుంది. 1997లో సోర్స్ కోడ్ బయటపెట్టడం దాని అదృష్టం. ఆ కోడ్ మీద కట్టిన క్రిస్పీ డూమ్ లేదా జీజెడ్‌డూమ్ తెచ్చుకుని, మీ దగ్గరున్న గేమ్‌లోని వ్యాడ్ ఫైల్‌ను (లెవెళ్లు, బొమ్మలు ఉండే ఫైల్) దానికి చూపించండి. సెకనుకు 35 ఫ్రేముల దగ్గర ఆగిన కదలిక నునుపవుతుంది. రెండు సెట్టింగ్‌లు తప్పనిసరి: ఎప్పుడూ పరుగే ఉండేలా పెట్టండి, మౌస్‌ను పైకీ కిందికీ జరిపితే మనిషి నడిచే పాత అలవాటును ఆపేయండి. రెండోది చేయకపోవడం వల్లే చాలామంది "మౌస్ పనిచేయట్లేదు" అని వెనక్కి తిరుగుతారు. 320×200 బొమ్మను 4:3 తెర కోసం గీశారు, అందుకే యాస్పెక్ట్ రేషియో దిద్దుబాటు ఆన్‌లో ఉండాలి. లేకపోతే రాక్షసులు చపటగా కనిపిస్తారు.

జ్ఞాపకం మీద బతుకుతున్నది 1997 నాటి షూటర్ గోల్డెన్‌ఐ. నింటెండో 64 మీద నలుగురు ఆడుతుంటే ఫ్రేములు దారుణంగా పడిపోతాయి, ఒకే స్టిక్‌తో నడవడమూ తిరగడమూ కలిసి ఉంటుంది. ఇప్పటి నింటెండో స్విచ్‌లో ఆడుతుంటే, గేమ్‌లో 1.2 కంట్రోల్ ఎంచుకుని, కన్సోల్ సెట్టింగ్స్‌లో ఎడమ, కుడి స్టిక్‌లను తారుమారు చేస్తే ఇప్పటి షూటర్ల పద్ధతికి దగ్గరవుతుంది. అలా చేశాక మిషన్లు ఆడొచ్చు. డిఫికల్టీ పెంచితే శత్రువుల గురి మాత్రమే కాదు, చేయాల్సిన పనులు కూడా పెరగడం ఇప్పటికీ మంచి ఆలోచనే. మొదటిసారి ఆడేవాళ్లకు మాత్రం సిఫారసు చేయం. రెసిడెంట్ ఈవిల్ 1996 కంట్రోల్‌ను తిట్టేవాళ్లతో మేం ఏకీభవించం. కెమెరా ఠక్కున మారినా పైకి నొక్కితే ముందుకే పోతాడు, ఆ కెమెరాలకు అదే సరైన పద్ధతి.

డక్ హంట్ ఒక్కదానికి దారి లేదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి గడి వెలుగుతుంది. తుపాకీ ఆ వెలుగును సీఆర్టీ గీసే క్షణంలోనే పట్టుకోవాలి. కొత్త టీవీ ఆ వెలుగును ఆలస్యంగా చూపిస్తుంది కాబట్టి గురి ఎంత సరిగ్గా ఉన్నా తగలదు. మౌస్‌తో ఆడొచ్చు గానీ అది తుపాకీ ఆట కాదు.

పాత కార్ట్రిడ్జ్‌లు ఇంకా దగ్గరున్నవాళ్లకు ఒక మాట. గేమ్ లోడ్ కాకపోతే ఊదకండి, నోటి తేమకు పిన్నులు తుప్పుపడతాయి. 90 శాతం పైబడ్డ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో కాంటాక్టులు తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. సేవ్ ఉండే కార్ట్రిడ్జ్‌ల లోపల నాణెం బ్యాటరీ ఉంటుంది. అది చచ్చినా గేమ్ నడుస్తుంది, సేవ్ మాత్రమే నిలవదు. మార్చేటప్పుడు ట్యాబ్‌లున్న బ్యాటరీయే కొనండి, బ్యాటరీ ఒంటి మీద నేరుగా టంకం పెడితే వేడికి పగలొచ్చు. పాత బ్యాటరీ ఇంకా బతికుంటే, విప్పేముందే కార్ట్రిడ్జ్ రీడర్‌తో సేవ్ ఫైల్‌ను కంప్యూటర్‌లోకి తీసుకోండి. బ్యాటరీ ఊడిన క్షణంలో అది చెరిగిపోతుంది.