మట్టి ఫ్రిజ్: కూరగాయల మట్టుకు కొనదగిన వస్తువు

వేసవిలో మా కర్నూలు వైపు ఇళ్లలో చెత్తబుట్ట పాలయ్యే ఆహారంలో మిగిలిన అన్నం, కూరల కంటే అసలు పొయ్యి దాకా రాకుండానే పాడైన ఆకుకూరలూ, మెత్తబడిన టమాటాలూ, నల్లబడి నీరుగారిన కొత్తిమీరా ఎక్కువగా కనిపిస్తాయి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక మన దేశంలో ఇళ్ల స్థాయిలో మనిషికి ఏడాదికి సుమారు 55 కిలోల ఆహారం వృథా అవుతున్నదని అంచనా వేసింది. అందులో తొక్కల వంటి తినని భాగాలూ కలిసే ఉన్నాయి కానీ, వాటిని తీసివేసినా మిగిలేది చిన్న మొత్తమేమీ కాదు. కరెంటు ఖర్చు లేకుండా కూరగాయల వృథానైనా తగ్గించుకోవాలన్న ఉద్దేశంతో మట్టి ఫ్రిజ్ ఒకటి తెప్పించుకొని, ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ వాడి చూసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ రకం పెట్టెకు మన దేశంలో పేరు తెచ్చినవారు గుజరాత్‌లోని వాంకానేర్‌కు చెందిన కుమ్మరి మన్‌సుఖ్‌భాయ్ ప్రజాపతి. 2001 భుజ్ భూకంపంలో పగిలిన కుండల ఫొటోను ఒక పత్రిక పేదవాడి ఫ్రిజ్ పగిలిందన్న వ్యాఖ్యతో ప్రచురించగా, అది చూసి ఆయనకు కలిగిన ఆలోచనే తరువాత మిట్టీకూల్ అనే మట్టి ఫ్రిజ్‌గా రూపుదిద్దుకున్నది. మేము తెప్పించుకున్నది అదే పద్ధతిలో వేరొక చిన్న తయారీదారు చేసినది. పై అరలో నీళ్లు పోస్తే అవి మట్టి గోడల్లోకి ఇంకి, బయటి వైపు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తాయి. కింద కూరగాయలకు రెండు అరలు, ముందు ఒక అద్దపు తలుపు, పక్కన తాగునీటికి ఒక కుళాయి ఉంటాయి. కడవ కింద తడి ఇసుక పోసి, దాని పక్కనే తడిగుడ్డ చుట్టిన తమలపాకులు పెట్టుకున్న మన పెద్దల పద్ధతికి ఇది కొనసాగింపేనని చెప్పవచ్చు.

ఎండాకాలంలో దీని పనితీరు నా అంచనాను మించింది. మామూలుగా మధ్యాహ్నానికల్లా తల వాల్చే గోంగూర కట్ట ఇందులో మూడు నాలుగు రోజుల పాటు ఆకు రాలకుండా నిలిచింది. వేళ్లతో సహా తెచ్చి, మట్టి దులిపి, కడగకుండా పెట్టిన కొత్తిమీర వారం చివరకు కూడా పచ్చడికి పనికివచ్చింది. వేళ్లు కోసి, కడిగి పెట్టినది మాత్రం అంతకు చాలా ముందే జిగురు పట్టింది. వంకాయలు, బెండకాయలు, టమాటాల విషయంలో ఇది కరెంటు ఫ్రిజ్ కంటే మేలని నిస్సందేహంగా చెప్పగలను. ఇవన్నీ వేడి నేలల పంటలు కావడం వల్ల 10 డిగ్రీల కంటే తక్కువ చలిలో ఎక్కువ కాలం ఉంచితే లోపలి కణాలు దెబ్బతింటాయి. ఫ్రిజ్‌లో వంకాయ మీద గుంటలు పడి లోపల గింజలు నల్లబడటానికీ, టమాటా రుచి చప్పబడటానికీ అదే కారణం. మట్టి పెట్టెలో చల్లదనం మితంగానూ, తేమ ఎక్కువగానూ ఉంటుంది కనుక కాయ ముడతలు పడదు, చలికి పాడవదు.

అయితే ఏ ఊళ్లో వాడుతున్నామన్నదాని మీదే దీని ఉపయోగమంతా ఆధారపడి ఉంటుంది. నీరు ఆవిరి కావాలంటే గాలి పొడిగా ఉండాలి. బయట 40 డిగ్రీల వేడి, గాలిలో 20 శాతం తేమ ఉన్నప్పుడు ఆవిరి వల్ల సాధ్యమయ్యే చల్లదనం లెక్క ప్రకారం 23 డిగ్రీల దాకా దిగగలదు. పెట్టె అంత దూరం వెళ్లకపోయినా 27, 28 డిగ్రీలకు దిగితే ఆకుకూరకు అదే పెద్ద ఉపశమనం. అదే 34 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న చోట ఆ హద్దు 29 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. కాకినాడలో మా చెల్లెలి ఇంట్లో ఇలాంటిదే ఉన్నది. అక్కడ అది తాగునీళ్ల కూజాగా తప్ప మరెందుకూ పనికిరావడం లేదు. మాకు కూడా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చల్లదనం బాగా తగ్గి, లోపలి అరల మూలల్లో బూజు పట్టింది. కాబట్టి రాయలసీమలోనూ, తెలంగాణ జిల్లాల్లోనూ ఉండేవారు వేసవిని దృష్టిలో పెట్టుకొని కొనుక్కోవచ్చు; కోస్తా తీరంలో ఉన్నవారికి దీన్ని సిఫార్సు చేయలేను.

వండిన పదార్థాలను ఇందులో పెట్టకూడదన్నది తయారీదారులు ఇంకా గట్టిగా చెప్పవలసిన మాట. ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు ఉండటం వల్ల అన్నం, పప్పు మర్నాటికి నిలుస్తాయి. మట్టి పెట్టెలోని వేడిమి సూక్ష్మజీవులు పెరగడానికి అనువైనదే. రాత్రి మిగిలిన అన్నాన్ని పారేయడం ఇష్టం లేనివారు దాన్ని చద్దన్నంగా తోడు పెట్టుకోవడం మంచిది కానీ, దీన్ని నమ్ముకోవడం మంచిది కాదు. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు కూడా వద్దు, వాటికి పొడి గాలి కావాలి. పండిన అరటి, మామిడి విడుదల చేసే వాయువు ఆకుకూరలను త్వరగా పసుపుబారుస్తుంది కనుక వాటిని బయటే ఉంచాలి.

నిర్వహణ కష్టం కాదు గానీ క్రమం తప్పకూడదు. మాది బోరునీళ్ల ఇల్లు. ఆ నీళ్లలోని లవణాలు గోడల బయట తెల్లని పొరగా పేరుకొని, మట్టి రంధ్రాలను పూడ్చివేసి, చల్లదనాన్ని క్రమంగా తగ్గించాయి. కొబ్బరిపీచుతో, సబ్బు వాడకుండా రుద్ది కడిగితే చాలావరకు తేరుకుంటుంది. వీలుంటే ఫిల్టర్ నీళ్లు పోయడం ఉత్తమం. గాలి ఆడని వంటగది మూల దీనికి తగదు. నీడగా ఉండి, కిటికీ గాలి తగిలే చోట, ఎత్తుపీట మీద పెట్టాలి. నునుపు పూత, రంగు వేసిన పెట్టెలు చూడ్డానికి బాగుంటాయి గానీ, పూత ఉన్న గోడ నుంచి నీరు ఆవిరి కాదు కనుక వాటిని కొనవద్దు.

మా ఇంట్లో వృథాను అన్నిటికంటే ఎక్కువగా తగ్గించింది ఈ పెట్టె చల్లదనం కాదు, దాని చిన్న పరిమాణమేనని నా అభిప్రాయం. పెట్టెలో పట్టేది ఐదు కిలోలే. రైతుబజారులో చవకగా దొరికిందని రెండు సంచుల నిండా తెచ్చి, ఫ్రిజ్ అడుగు అరలో ప్లాస్టిక్ కవర్లతో కుక్కి మరచిపోయే అలవాటు, పట్టే చోటు తక్కువ కావడంతో దానంతటదే పోయింది. ఏముందో అద్దంలోంచి ఎప్పుడూ కనిపిస్తుంది కనుక ముందుగా వాడిపోయేదాన్ని ముందుగా వండటం వంట చేసేవారికి సులువైంది. ధర పడిపోయినప్పుడు పత్తికొండ మార్కెట్లో రైతులు టమాటాలను రోడ్డు మీద పారబోయడం మా జిల్లావాళ్లం ఎన్నోసార్లు చూశాము. అంత కష్టపడి పండించిన కాయను కొని తెచ్చి ఇంట్లోనూ పారేయడం నాకు ఎప్పుడూ మనసు చివుక్కుమనిపించే విషయం.

ధర ఆరు వేల రూపాయల లోపు. రవాణా ఖర్చు వేరు, దారిలో పగిలే ప్రమాదమూ ఉన్నది కనుక పగిలితే మార్చి ఇస్తారో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. అంత పెట్టలేనివారు పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, నడుమ ఇసుక నింపి, దాన్ని పూటపూటా తడుపుతూ, పైన తడి గోనెగుడ్డ కప్పి చూడవచ్చు. నైజీరియాలో మహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు 1990లలో ఊరూరా వ్యాప్తి చేసిన పద్ధతి ఇదే. కుమ్మరి దగ్గర కొన్ని వందల రూపాయలలో అయిపోతుంది. మీ ఇంటి గాలికి ఇది పనిచేస్తుందో లేదో ఒక ఏప్రిల్ నెలలో ఆ కుండలతో తేల్చుకొని, నచ్చితే పెట్టె సంగతి ఆలోచించండి.