టాక్సిన్ టెస్టుకి వెళ్తే పీహెచ్ చూసుకోమన్నారు

ల్యాబ్‌కి నా రేటింగ్: 5కి 3. కౌంటర్‌కి 1, లోపలున్న మైక్రోబయాలజిస్ట్ మేడమ్‌కి 5, సగటు తీశాను.

మాది రాజమండ్రిలో చిన్న పచ్చళ్ల వ్యాపారం. ఈ ఏడాది కొత్తగా ఒలిచిన వెల్లుల్లి రెబ్బలు నువ్వుల నూనెలో వేసి సీసాలకెత్తాం. పులుపు లేదు, ఉప్పు నామమాత్రం. వీడియో కాల్‌లో సీసా చూసి డాలస్‌లో ఉండే మా ఆడపడుచు కంగారుపడింది. "వదినా, బొటులిజం టెస్టు చేయించావా? 1985లో వాంకూవర్‌లో ఇలాంటి నూనె వెల్లుల్లి తిని 36 మంది జబ్బుపడ్డారు" అంది. బొటులిజం అంటే బొటులినమ్ అనే బ్యాక్టీరియా వదిలే విషంతో నరాలు చచ్చుబడే జబ్బు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌కి రెండు సీసాలు పట్టుకెళ్లా. కౌంటర్ కుర్రాడు "అన్నీ చేస్తాం మేడమ్" అని డబ్బు కట్టించుకున్నాడు. వారం అన్న రిపోర్టు పదమూడో రోజుకి వచ్చింది. అందులో టాక్సిన్ (విషం) ఊసే లేదు, 'సల్ఫైట్ రెడ్యూసింగ్ క్లోస్ట్రిడియా' అని ఒక లైను తప్ప. గొడవ పెట్టుకుందామనే వెళ్లాను.

మేడమ్ లోపలికి పిలిచి ప్లేటు చూపించారు. బ్యాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి అగర్ మీద నల్ల నువ్వులు చల్లినట్టు మచ్చలు. అవి క్లోస్ట్రిడియా అనే బ్యాక్టీరియా రకాలకు గుర్తేగానీ, వాటిలో బొటులినమ్ ఉందో లేదో, విషం పుట్టిందో లేదో ఆ మచ్చలు చెప్పవట. విషం తేల్చాలంటే పాత పద్ధతి ఎలుకలదే. పదార్థం నుంచి తీసిన ద్రవాన్ని చిట్టెలుకల పొట్టలోకి ఎక్కించి నాలుగు రోజుల దాకా కనిపెట్టుకుని ఉంటారు. విషముంటే ఊపిరాడక నడుం దగ్గర పొట్ట లోపలికి పీక్కుపోతుంది. అదే ద్రవాన్ని మరిగించి కొన్నిటికి, విరుగుడు కలిపి కొన్నిటికి ఇస్తారు. అవి బతికి, మిగతావి చస్తే బొటులిజం విషమేనని రుజువు. వింటుంటే నాకు కడుపులో తిప్పింది. ఎలైసా అనే పరీక్ష అయితే గంటల్లో రంగు మారి చెబుతుంది, కానీ చేవ చచ్చిన విషాన్నీ పట్టేస్తుందట. పీసీఆర్ అనే పరీక్ష విషం తయారుచేసే జన్యువును చూస్తుంది, విషాన్ని కాదు. ఈ ల్యాబ్‌లో వీటిలో ఏదీ చేయరు. ఆ మాట కౌంటర్‌లోనే చెప్పి ఉంటే సరిపోయేది.

"అయినా ఒక సీసా బాగుందని రిపోర్టొస్తే పక్క సీసా సంగతేంటమ్మా?" అని ఆవిడే పీహెచ్ చూశారు. అది పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. వెల్లుల్లి 5.9. నా సంచిలో ఉన్న ఆవకాయ 3.7. 4.6కి దిగువన బొటులినమ్ బ్యాక్టీరియా పెరగదు. వెల్లుల్లికి మట్టిలోంచి స్పోర్లు (గట్టి పెంకులో నిద్రపోతున్న బ్యాక్టీరియా) అంటుకొస్తాయి, పైన నూనె గాలి ఆడనివ్వదు. కాచితే విషం విరుగుతుందిగానీ స్పోర్లు చావవు.

సీసాలు వెనక్కి తెప్పించాను. నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి రెబ్బ లోపలిదాకా పులుపు దిగేలా చేయడం ఆవిడ దగ్గరే నేర్చుకుంటున్నా. చేయని టెస్టుకి కట్టిన డబ్బు మాత్రం ఇంకా వెనక్కి రాలేదు.