జీఐ బిల్‌తో జర్మనీలో చదువు: ఒక వినియోగదారుడి సమీక్ష

అమెరికా సైన్యంలో పనిచేసి వచ్చినవారి చదువుకు ఆ దేశ ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని అందరూ జీఐ బిల్ అనే పిలుస్తారు. 1944లో రెండో ప్రపంచ యుద్ధ సైనికుల కోసం మొదలైన ఆ ఏర్పాటు అనేక రూపాలు మార్చుకుంది. ఇప్పుడు ఎక్కువమంది వాడుకుంటున్నది 2008లో చట్టమై 2009 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన పోస్ట్ 9/11 జీఐ బిల్. దీన్ని అమెరికా బయటి విశ్వవిద్యాలయాల్లో కూడా వాడుకోవచ్చు. ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్లి, పౌరులు కానివారిని ప్రత్యేక నైపుణ్యాలను బట్టి చేర్చుకుంటూ 2016లో ఆగిపోయిన మావ్నీ పథకం ద్వారా సైన్యంలో చేరి, ఆ సేవతోనే పౌరసత్వం పొందిన తెలుగువారు కొందరున్నారు. నేనూ వారిలో ఒకణ్ణి. మొదటి మాస్టర్స్ డిగ్రీని అప్పు చేసి అమెరికాలోనే పూర్తి చేశాను కనుక, రెండోదానికి ఈ ప్రయోజనాన్ని జర్మనీలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఖర్చు పెట్టాను. ఈ సేవను వాడుకున్నవాడిగా దాని బాగోగులు ఇక్కడ రాస్తున్నాను.

ముందు లెక్కలు చూద్దాం. అర్హత పూర్తిగా ఉన్నవారికి 36 నెలల ప్రయోజనం దక్కుతుంది. 2001 సెప్టెంబరు 10 తర్వాత మొత్తం 36 నెలలు క్రియాశీల సేవలో ఉన్నవారికి నూరు శాతం, 90 రోజులు మాత్రమే ఉన్నవారికి 50 శాతం, ఆ మధ్య ఉన్నవారికి సేవాకాలాన్ని బట్టి మెట్లు మెట్లుగా వర్తిస్తుంది. అమెరికాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయానికైతే స్థానికులకు వర్తించే ఫీజు మొత్తం కట్టేస్తారు. ప్రైవేటు సంస్థలకూ విదేశీ సంస్థలకూ మాత్రం ఏడాదికి ఒక పరిమితి ఉంది. 2025-26 విద్యా సంవత్సరానికి అది 29,920.95 డాలర్లు. పుస్తకాలకు ఏడాదికి గరిష్ఠంగా 1,000 డాలర్లు, దానికి తోడు నెలనెలా ఇంటి అద్దె భత్యం ఇస్తారు. ఫీజు నేరుగా విశ్వవిద్యాలయానికి వెళుతుంది, భత్యం మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. అమెరికాలోని ఖాతాను మూసెయ్యకుండా ఉంచుకోవడం మేలని విదేశానికి వెళ్లేవారు ముందే గుర్తుంచుకోవాలి.

అద్దె భత్యం లెక్కించే తీరులోనే ఈ సేవ మంచీ చెడూ రెండూ దాగి ఉన్నాయి. అమెరికాలో చదివేవారికి క్యాంపస్ ఉన్న పిన్‌కోడును బట్టి, కుటుంబంతో ఉండే ఇ-5 హోదా (సార్జెంటు స్థాయి) సైనికుడికి అక్కడ ఎంత అద్దె భత్యం వస్తుందో అంత ఇస్తారు. అందుకే న్యూయార్కులో చదివేవాడికీ ఒక్లహోమా పల్లెలో చదివేవాడికీ ఆ మొత్తంలో చాలా తేడా ఉంటుంది. విదేశాల విషయంలో ఈ సూక్ష్మత ఏమీ లేదు. అమెరికా జాతీయ సగటు ఎంతో అంత, అన్ని దేశాలకూ ఒకటే రేటు. ప్రస్తుతం అది నెలకు 2,000 డాలర్లు దాటి ఉంది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఒక గది తీసుకుని ఉండేవాడికి ఆ డబ్బు హాయిగా సరిపోతుంది, కాస్త మిగులుతుంది కూడా. లండన్‌లోనో డబ్లిన్‌లోనో ఉండేవాడు అదే డబ్బుతో అద్దె కట్టి, మిగిలినదానితో నెల గడపడానికి ఖర్చులు బాగా తగ్గించుకోవలసి వస్తుంది. ఒకే రేటు పెట్టడం పరిపాలనకు సులువే కానీ, వాడుకునేవాడి దృష్టిలో దీన్ని నేను లోపంగానే లెక్కిస్తాను.

పైగా ఆ భత్యం డాలర్లలో వస్తుంది, అద్దె యూరోల్లో పోతుంది. 2025 జనవరిలో ఒక యూరో దాదాపు 1.03 డాలర్లు ఉండగా, ఆ వేసవికి 1.17 వరకు వెళ్లింది. అంటే 2,000 డాలర్లు మార్చుకుంటే జనవరిలో 1,940 యూరోల వరకు చేతికొచ్చేవి, వేసవిలో 1,710కి అటూ ఇటుగా వచ్చాయి. భత్యం ఒక్క సెంటు కూడా తగ్గకుండానే నెలకు రెండు వందల యూరోలకు పైగా హరించుకుపోయాయి. ఊళ్లో ఉన్న బంధువులకు డాలరు పెరిగితే సంతోషం, తగ్గితే దిగులు. జర్మనీకి వచ్చాక ఆ లెక్క నాకూ అంటుకుంది.

ఇక జర్మనీని ఎంచుకోవడం లాభమా నష్టమా అన్నది అసలు ప్రశ్న. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు చాలా రాష్ట్రాల్లో లేదు. సెమిస్టరు రుసుము మాత్రమే ఉంటుంది. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం ఐరోపా సమాఖ్యకు బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటుంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024-25 శీతకాలపు సెమిస్టరు నుంచి కొత్తగా చేరే అటువంటి విద్యార్థులకు, మాస్టర్స్ కోర్సులైతే సెమిస్టరుకు 4,000 లేదా 6,000 యూరోలు పెట్టింది. చదువు ఉచితం అనగానే చాలామంది ఎగిరి గంతేస్తారు. జీఐ బిల్ వాడేవాడు మాత్రం ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఫీజు సున్నా అయినా, 29,000 డాలర్లు అయినా, మన 36 నెలల కోటాలోంచి కరిగేది నెలలే. తొమ్మిది నెలల విద్యా సంవత్సరం లెక్కన 36 నెలలంటే నాలుగు సంవత్సరాలు. ఇప్పటి పరిమితి ప్రకారం చూస్తే దాదాపు 1,20,000 డాలర్ల ఫీజు కట్టించుకోగల హక్కు అది. ఫీజు లేని చోట దాన్ని వాడడమంటే కేవలం అద్దె కోసం ఆ హక్కును ఖర్చు చెయ్యడమే. ఇప్పటికే డిగ్రీ ఉండి, ఆ నెలలను మరో విధంగా వాడే ఆలోచన లేని నాలాంటివాడికి ఈ బేరం కుదిరింది. ఇంకా బి.ఎస్. కూడా చెయ్యని ఇరవై నాలుగేళ్ల మాజీ సైనికుడికైతే నేను ఈ సలహా ఇవ్వను.

అటువంటివారు ఇంగ్లండు వైపు చూడవచ్చు. అక్కడ బి.ఎ., బి.ఎస్‌సి. చాలావరకు మూడేళ్లే కనుక 36 నెలల్లో డిగ్రీ పూర్తయి, పైచదువుకు కొన్ని నెలలు మిగిలే అవకాశం ఉంది. అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీకి మొత్తం కోటా అయిపోతుంది. విదేశీ విద్యార్థులకు ఇంగ్లండు ఫీజులు ఎక్కువే అయినా, ఆర్ట్స్ కోర్సులు అనేకం పై పరిమితికి లోపలే ఉంటాయి. లండన్‌లో పేరున్న ఎం.బి.ఎ.లు మాత్రం ఆ పరిమితిని ఎంతో దాటిపోతాయి, ఆ తేడా మన జేబులోంచే కట్టాలి.

నెలసరి మొత్తాన్ని నేరుగా విద్యార్థి చేతికే ఇచ్చే పాత మాంట్‌గోమరీ జీఐ బిల్ కూడా ఇంకా నడుస్తోంది. సేవలో ఉండగా 1,200 డాలర్లు కట్టి అందులో చేరినవారికి, మూడేళ్లు పైబడిన సేవ ఉండి పూర్తికాలం చదివితే, అది ఇప్పుడు నెలకు 2,400 డాలర్లు దాటింది. ఫీజు లేని దేశంలో ఇదే మెరుగు కావచ్చు. పైగా 2024 ఏప్రిల్‌లో రుడిసిల్ అనే మాజీ సైనికుడి కేసులో అమెరికా సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు వల్ల, వేర్వేరు సేవాకాలాలతో రెండు పథకాలకూ విడివిడిగా అర్హత సంపాదించినవారు రెండింటినీ కలిపి 48 నెలల వరకు వాడుకోగలుగుతున్నారు. రెండుసార్లు సైన్యంలో చేరినవారు దరఖాస్తు పెట్టే ముందు ఈ సంగతి తప్పక చూసుకోవాలి.

దరఖాస్తు భాగం నేను ఊహించినదానికంటే సులువుగా నడిచింది. 22-1990 ఫారాన్ని ఆన్‌లైన్‌లో నింపితే అర్హత పత్రం వస్తుంది. మనం ఎంచుకున్న సంస్థకు, కోర్సుకు ఆమోదం ఉందో లేదో మాజీ సైనికుల వ్యవహారాలు చూసే వెటరన్స్ అఫైర్స్ శాఖ వెబ్‌సైటులోని పోలిక సాధనంలో వెతుక్కోవచ్చు. ఆమోదం లేకపోతే ఆ విశ్వవిద్యాలయమే దరఖాస్తు పంపుకోవాలి, మనం బతిమాలడం తప్ప చెయ్యగలిగింది లేదు. అసలు చిక్కంతా విశ్వవిద్యాలయం వైపు నుంచే వస్తుంది. ప్రతి సెమిస్టరుకూ మనం చేరామని, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చదువుతామని అక్కడి ఉద్యోగి ఒకరు ధ్రువీకరిస్తేనే డబ్బు కదులుతుంది. అమెరికా కళాశాలల్లో ఈ పనికి ప్రత్యేకంగా మనుషులుంటారు. నేను చదివినచోట అంతర్జాతీయ విభాగంలో ఒకావిడ తన మిగతా పనుల మధ్య దీన్ని చూసేవారు. మంచి మనిషే, కానీ మొదటి సెమిస్టరు ఆరంభం అక్టోబరు 4 అయితే, తమ అలవాటు ప్రకారం రోజు ముందు, నెల తర్వాత రాశారు. నెలను ముందు రాసే అమెరికా అధికారులకు అది ఏప్రిల్ 10గా కనిపించింది. దాన్ని సరిచేయించుకునేసరికి నవంబరు చివరి వారం వచ్చింది. అప్పటికి రెండు నెలల అద్దె నా పొదుపులోంచే పోయింది. తేదీల్లో నెల పేరును అక్షరాల్లో రాయమని ఆవిడను ముందే కోరితే ఈ బాధ ఉండదు.

తేదీలన్నీ సరిగ్గా ఉన్నా, భత్యం గడిచిన నెలకు వస్తుంది కనుక అక్టోబరు డబ్బు నవంబరులో చేతికొస్తుంది. సెమిస్టర్ల మధ్య సెలవులకు చెల్లింపు లేదు. ఆ సౌకర్యాన్ని 2011లోనే తీసేశారు. జర్మనీలో శీతకాలపు తరగతులు ఫిబ్రవరి నడుమ ముగిసి, తర్వాతివి ఏప్రిల్ నడుమ మొదలవుతాయి. మా విశ్వవిద్యాలయం తరగతులు జరిగే కాలాన్నే ధ్రువీకరించేది కాబట్టి ఆ రెండు నెలలూ పూర్తిగా ఎండు కాలమే. వేసవి విరామం ఇంకా పొడుగు. ఇంటి యజమానులు మాత్రం పన్నెండు నెలలూ అద్దె అడుగుతారు. ఆ నెలలు కరగకుండా మన కోటాలోనే మిగులుతాయన్న ఊరట ఉన్నా, ఊరటతో అద్దె కట్టలేం కదా.

నివాస అనుమతి దగ్గర మరో వింత ఎదురైంది. భారతీయ పాస్‌పోర్టుతో వచ్చే మన పిల్లలు తమ చదువు పత్రాలు అసలైనవని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకుని, నెలకు కొంత చొప్పున మాత్రమే తీసుకోనిచ్చే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించి, వీసా కోసం నెలల తరబడి ఎదురుచూస్తారు. అమెరికా పౌరులు వీసా లేకుండానే దిగి, అక్కడికి వచ్చాక అనుమతికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పోషణకు డబ్బుందని చూపించడం మాత్రం వారికీ తప్పదు. నా అర్హత పత్రం మీద ఎన్ని నెలలు మిగిలాయో, ఎంత శాతం వర్తిస్తుందో ఉంది కానీ, నెలకు ఎంత వస్తుందో లేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసిన అధికారి, ‘ఇందులో యూరోలు ఎక్కడున్నాయి?’ అని అడిగారు. విదేశీ సంస్థల భత్యం రేటు ఉన్న ప్రభుత్వ పేజీని అచ్చు తీసి, జర్మన్ అనువాదం జోడించి, బ్యాంకు స్టేట్‌మెంట్లతో సహా ఇచ్చాక ఒప్పుకున్నారు. దీనికి సిద్ధపడి వెళ్లినవారికి ఈ ఇబ్బంది ఉండదు.

ఈ సొమ్ముకు అమెరికాలో ఆదాయపు పన్ను లేదు. 2013 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ సైన్యం నుంచి విడుదలైనవారికి పదిహేనేళ్ల గడువు కూడా 2017 చట్టంతో పోయింది కనుక తొందరపడవలసిన పని లేదు. భార్యకో పిల్లలకో బదలాయించాలంటే కనీసం ఆరేళ్లు సేవ చేసి, మరో నాలుగేళ్లకు ఒప్పుకుని, సేవలో ఉండగానే అడగాలి. బయటికొచ్చాక కుదరదు. మన దేశంలో మాజీ సైనికుల పిల్లలకు ఇచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ అమ్మాయిలకు నెలకు 3,000, అబ్బాయిలకు 2,500 రూపాయలు. అది విదేశీ చదువుకు వర్తించదు. దాని పక్కన పెట్టి పోల్చి చూస్తే జీఐ బిల్ ఉదారత ఎంతటిదో అర్థమవుతుంది, నా ఫిర్యాదులన్నీ ఆ ఉదారతకు లోబడినవే.

ప్రవేశం కోసం డబ్బు కట్టే ముందు విశ్వవిద్యాలయాన్ని రెండు ప్రశ్నలు అడగండి. మాజీ సైనికుల చేరికను ధ్రువీకరించే ఉద్యోగి ఎవరు, చివరిసారి ఎప్పుడు చేశారు అన్నది మొదటిది. థీసిస్ రాసే సెమిస్టరులో తరగతులు ఉండవు కనుక, అప్పుడు మిమ్మల్ని పూర్తికాల విద్యార్థిగానే రాస్తారా అన్నది రెండోది. పోస్టు గ్రాడ్యుయేట్ స్థాయిలో ఏది పూర్తికాలమో నిర్ణయించేది ఆ సంస్థే. సగం కంటే ఎక్కువ చదువు ఉన్నట్లు చూపించకపోతే అద్దె భత్యం పూర్తిగా ఆగిపోతుంది. ఈ రెండింటికీ ఈమెయిల్‌లో రాతపూర్వకంగా జవాబు వచ్చాకే ఫీజు సంగతి చూడండి.