రెండు మ్యాచ్‌ల లెక్కా, మూడు మ్యాచ్‌ల సిరీసా?

హనుమకొండ జేఎన్‌ఎస్ గ్రౌండ్‌లో పొద్దున ఆట అయ్యాక మా దోస్తుల మధ్య తరచూ నడిచే వాదన ఇది: ఫుట్‌బాల్‌లో ప్లేఆఫ్స్‌కు (లీగ్ మ్యాచ్‌లయ్యాక కప్పు కోసం జరిగే నాకౌట్ దశకు) మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) పద్ధతి మేలా, అమెరికా మేజర్ లీగ్ సాకర్ (ఎంఎల్‌ఎస్) పద్ధతి మేలా?

ఐఎస్‌ఎల్ సెమీస్‌లో 2025 వరకు రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి చూసేవారు. 2022లో మన హైదరాబాద్ ఎఫ్‌సీ, ఏటీకే మోహన్ బగాన్‌పై 3-1తో గెలిచి, రెండో మ్యాచ్‌లో 0-1తో ఓడింది. మోహన్ బగాన్ ఇంకొక్క గోల్ కొడితే లెక్క సమానమయ్యేది. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను! చివరికి ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు తెచ్చారు.

ఎంఎల్‌ఎస్‌లో 2023 నుంచి మొదటి రౌండ్ మూడు మ్యాచ్‌ల సిరీస్. రెండు గెలిస్తే చాలు; గోల్స్ కలపరు. 90 నిమిషాలకు సమమైతే నేరుగా పెనాల్టీలు. 2024లో 74 పాయింట్ల రికార్డుతో లీగ్‌లో మొదట నిలిచిన మెస్సీ జట్టు ఇంటర్ మయామీని, తూర్పు విభాగంలో తొమ్మిదో స్థానంలో ఉన్న అట్లాంటా ఓడించింది. మూడో మ్యాచ్ మనకు ఆదివారం తెల్లవారాక వచ్చింది. 3-2. మయామీ సొంత మైదానంలోనే!

పట్టికలో పైనున్న జట్టుకు రెండు మ్యాచ్‌లు సొంతగడ్డపై దొరకడం ఎంఎల్‌ఎస్‌లో న్యాయమే. కానీ 4-0 గెలుపుకూ 1-0 గెలుపుకూ ఒకే విలువ అంటే నాకు మనసొప్పదు. గోల్ కొట్టిన కష్టం తర్వాతి మ్యాచ్‌లోనూ లెక్కలోకి రావాలి. అందుకే నా ఓటు ఐఎస్‌ఎల్‌కే.