చలికి మాడిన నిమ్మజాతి చెట్లను ఇంటికొచ్చి చూసే సేవ: సునాబెడ నుంచి నా అభిప్రాయం

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సునాబెడ, సెమిలిగుడ, పొట్టంగి ప్రాంతాల్లో పెరట్లో నిమ్మ, బత్తాయి, కమలా పెంచుకునే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వ్యవసాయ డిగ్రీ చదివిన ఒక కుర్రవాడు జయపురం నుంచి వచ్చి, చలి దెబ్బ తిన్న చెట్లను పరీక్షించి ఏమి చేయాలో చెబుతాడు. పెరటికి 600 రూపాయలు, దారి ఖర్చు వేరు. ఇవ్వదగిన డబ్బే. చెట్టు ఎండగానే కత్తి తీసే ఇళ్లలో అయితే మరీను.

మాది పల్లపు స్థలం. గాలి ఆగి ఆకాశం నిర్మలంగా ఉన్న జనవరి రాత్రుల్లో బరువైన చల్లగాలి కొండవాలు నుంచి జారి ఇలాంటి చోటే నిలుస్తుంది. ఈసారి తెల్లవారేసరికి గడ్డి మీద తెల్లటి పొర, నిమ్మ ఆకుల మీద నీళ్లూరిన నల్లటి మచ్చలు. కొద్ది రోజుల్లోనే ఆకులన్నీ ముడుచుకుని గోధుమరంగుకు తిరిగాయి. ఎండినదంతా కొట్టేయమని చూసినవాళ్లందరూ చెప్పారు.

ఆ అబ్బాయి రాగానే ఎండిన ఆకుల దగ్గర నిలబడ్డాడు. "అమ్మా, ఈ ఆకును ముట్టుకోండి" అన్నాడు. వేలు తగలగానే రాలింది. పై కొమ్మ ఆకులు మాత్రం లాగినా ఊడలేదు. ఆకు రాల్చాలంటే తొడిమ మొదట్లో విడిపోయే పొర ఏర్పడాలి, అది బతికున్న రెమ్మే చేయగలదు. కాబట్టి ఆకు రాలిన రెమ్మ మీద ఆశ ఉంటుంది, ఎండిన ఆకును పట్టుకునే ఉన్న రెమ్మ చాలావరకు పోయినట్టే. ఇన్నేళ్లుగా ఆకులు రాలితే కంగారుపడే నాకు ఇది కొత్త సంగతి.

తరువాత చిన్న చాకుతో బెరడును గోరంత మేర గీకాడు. నిమ్మకొమ్మ చివర లోపలంతా గోధుమరంగు. ఇంకాస్త కింద మళ్లీ గీకితే తడిగా, పచ్చగా ఉంది. ఆ హద్దు దగ్గర ఎర్రదారం కట్టాడు. కమలా చెట్టు చివరిదాకా పచ్చగానే ఉంది. ఈ జాతుల్లో చలికి ముందు లొంగేది నిమ్మేనని, బత్తాయి కొంత ఓర్చుకుంటుందని, కమలా ఇంకా గట్టిదని చెప్పాడు. అన్నింటికన్నా గట్టిది మూడాకుల నారింజ. అందుకే చలిదేశాల్లో దాన్ని వేరుమొక్కగా, అంటే కింద వేళ్లనిచ్చే మొక్కగా పెట్టి దాని మీద అంటు కడతారట. చలి మెల్లగా ముదిరితే చెట్టు తట్టుకోవడం నేర్చుకుంటుంది. వెచ్చటి రోజుల్లో లేతచిగురు వేశాక ఒక్కసారిగా పడితే గట్టి జాతి కూడా దెబ్బతింటుంది.

బత్తాయి కాయను అడ్డంగా కోసి చూపించాడు. గడ్డకట్టిన కాయలో కొన్నాళ్లకు తొనల పొరల మీద తెల్లటి చుక్కలు కనిపిస్తాయి, ఆపైన రసం పోయి పిప్పి మిగులుతుంది. సున్నాకు 2 డిగ్రీలు దిగువన కొన్ని గంటలు ఉంటేనే కాయకు అంత నష్టం. మా కాయలకు ఏమీ కాలేదు.

అతను ఇచ్చిన అసలు సలహా ఏమీ కోయవద్దని. ఆకులు పోయి ఎండకు బయటపడిన కొమ్మలకు సున్నం పూయమన్నాడు. తాగే ఆకు లేదు గనుక నీళ్లు తగ్గించి, చిగురు వచ్చేదాకా ఎరువు ఆపమన్నాడు. వేసవిలో అదే రుసుముకు మళ్లీ వచ్చి చూశాడు. ఎర్రదారం కట్టిన చోటుకు ఇంకో జానెడు కిందికి ఎండింది! జనవరిలో దారం దగ్గర కోసి ఉంటే ఆ కోత వృథా. ఆ వేసవి రాకలోనే పచ్చటి చిగురు పైన కోయించి, అంటు కింద ముళ్లతో లేచిన పిలకను తీసేశాడు. అది వేరుమొక్కది, వదిలేస్తే మన నిమ్మను మింగేస్తుంది.

లోపాలూ ఉన్నాయి. రాసిచ్చే కాగితం ఒడియా, ఇంగ్లీషుల్లోనే ఉంటుంది. చెట్లకు నీళ్లు పోసేది మా అత్తగారు, ఆవిడకు తెలుగు తప్ప చదవడం రాదు. తెలుగులో నాలుగు ముక్కలు రాసివ్వడం అతనికి కష్టం కాదు. ఇంకొకటి, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతను నమోదు చేసే థర్మామీటరు అద్దెకైనా ఇవ్వడు. ఎంత చలికి ఏ చెట్టు ఎంత మాడిందో రాసి ఉంచకపోతే వచ్చే ఏడు దేన్ని ముందు కప్పాలో ఎలా తెలుస్తుంది? ఈ రెండూ సరిదిద్దుకోవాలని అతనికే చెప్పాను.

పిలిచేవాళ్లు మంచు పడిన మర్నాడే పిలవకండి. అప్పటికి బెరడు రంగు మారదు, గీకినా ఏమీ తేలదు. వారం పది రోజులు ఆగి పిలవండి, జనవరిలో తీరిక దొరకదు గనుక ఫోను మాత్రం ముందే చేసి ఉంచండి.