మిగిలిన పని తనంతట తానే రేపటికి జరగాలా, చేత్తో ఎక్కించాలా?

పనుల జాబితా యాప్ చేసేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇది: ఇవాళ కాని పనిని ఏం చేయాలి? చాలా యాప్‌లు అర్ధరాత్రి దాటగానే దాన్ని రేపటిలోకి తోసేస్తాయి, లేదా గడువు దాటిందని ఎర్రగా చూపిస్తాయి.

డిజైనర్ రైడర్ క్యారొల్ 2013లో బయటపెట్టిన బుల్లెట్ జర్నల్ అనే నోటుబుక్కు పద్ధతి దారి వేరు. పనికో చుక్క. అయిపోతే ఆ చుక్క మీదే ఇంటూ. నెల మారేటప్పుడు పాత పేజీలు తిరగేసి, మిగిలిన ప్రతి చుక్క దగ్గరా ఆగాలి. కావాలనుకుంటే చుక్కను కుడివైపు బాణం మొనగా దిద్ది కొత్త నెలలో మళ్లీ రాయాలి. ఇప్పట్లో కాదంటే మొన ఎడమవైపు, పని రాబోయే నెలల పేజీలోకి. అక్కర్లేదంటే కొట్టివేత. రోజువారీ చిట్టా నుంచి ఆవర్జాకు, అంటే ఖాతాల పుస్తకానికి, లెక్కలు ఎక్కించిన షావుకార్లకు ఇదేం వింత కాదు.

‘పాత ఫొటోలు సర్దాలి’ అన్న పనినే తీసుకోండి. యాప్‌లో అది ఏడు నెలలైనా పడి ఉంటుంది, ఉంచడానికి ఖర్చేమీ లేదు కాబట్టి. అలాంటివి అరవై పోగయ్యాక యాప్ తెరవబుద్ధి కాదు. కాగితం మీదైతే మూడోసారి రాస్తుంటే చేయి ఆగుతుంది. ఆ విసుగే జల్లెడ.

అలాగని నోటుబుక్కును నెత్తికెత్తుకోనక్కర్లేదు. నలభై పనులు మిగిలిన నెలలో తిరగరాయడం వాయిదా పడుతుంది, పుస్తకం అటకెక్కుతుంది. కరెంటు బిల్లు, ఈఎంఐ లాంటి తేదీ ఉన్న వాటికి యాప్ మోగించే గంటే మేలు.

కాబట్టి తేదీ ఉన్నవి వాటంతటవే మర్నాటికి జరగనివ్వండి. తేదీ లేనివాటిని ఒకటో తారీఖున ఒక్కొక్కటిగా చూపించి మూడే బటన్లు పెట్టండి: ఈ నెలకు, తర్వాతకు, కొట్టెయ్. ‘అన్నీ జరుపు’ బటన్ పెట్టారా, అందరూ అదే నొక్కుతారు. పూటకు పది చాలు. పని పక్కన ‘3వ సారి’ అని కనిపించాలి. ఆ మూడోసారి మాత్రం పనిని మళ్లీ టైప్ చేయించండి, ఇంకా చిన్నదిగా: ‘2019 ఫొటోల ఫోల్డర్ ఒక్కటి’.

ఇంకొకటి, మానకుండా ఎన్ని రోజులు వాడామో యాప్ చూపించే వరుస రోజుల లెక్క. అచ్చు డైరీలో ఖాళీ పేజీలు వెక్కిరించినట్టే, తెగిపోయిన లెక్కా వెక్కిరిస్తుంది. బుల్లెట్ జర్నల్‌లో తేదీ మనమే వేసుకుంటాం. పది రోజులు మానేసినా కింది గీత నుంచే మొదలు. యాప్ కూడా ఖాళీ రోజులను చూపించకుండా నేరుగా ఇవాళ్టి దగ్గరే తెరుచుకోవాలి.